పచ్చ టిక్కు ఫలశ్రుతి

డాలస్ నుంచి ఎడిసన్ దాకా మనవాళ్ళ రెజ్యూమె ఏది తీసినా ఒక వాక్యం తప్పదు: సీఐ/సీడీ పైప్‌లైన్‌ను సొంతంగా డిజైన్ చేసి, అమలు చేసి, నిర్వహించాను అని. నిజంగా ఎనిమిదేళ్ళు పనిచేసినవాడికీ ఈ వాక్యం ఉంటుంది. అమీర్‌పేటలో కొన్ని వారాల కోర్సు ముగించి, కన్సల్టెన్సీవారి దయవల్ల విమానం దిగేలోగా ఎనిమిదేళ్ళ అనుభవం గడించినవాడికీ ఉంటుంది. ఇంతమంది ఇన్ని పైప్‌లైన్లు వేసిన దేశంలో శుక్రవారం సాయంత్రం డిప్లాయ్‌మెంట్ అనగానే టీమ్ మొత్తానికి ఒకేసారి కడుపునొప్పి ఎందుకు వస్తుందో మాత్రం ఏ రెజ్యూమెలోనూ రాయరు.

ఈ వృత్తిలో లేని పాఠకుల కోసం రెండు ముక్కలు. పదిమంది కలిసి ఒకే రిపోలో, అంటే కోడ్ దాచే ఒకే చోట, కోడ్ రాస్తారు. ఎవరు ఏ మార్పు తెచ్చినా, తెచ్చిన వెంటనే ఒక యంత్రం దాన్ని కొత్తగా తీసుకుని, బిల్డ్ చేసి, టెస్టులన్నీ నడిపి, బాగుంటే పచ్చ టిక్కు, లేకుంటే ఎర్ర ఇంటూ పెడుతుంది. సీఐ పైప్‌లైన్ అంటే అంతే. 1990ల్లో క్రైస్లర్ కంపెనీ జీతాల సాఫ్ట్‌వేర్ దగ్గర కెంట్ బెక్ బృందం ఈ అలవాటును పట్టుదలగా పాటించింది. 2000లో మార్టిన్ ఫౌలర్ వ్యాసం దాన్ని ఊరూరా చాటింది. 2006లో జేమ్స్ షోర్ అనే ఆయన దీనికి కావలసిన సామగ్రి చెప్పాడు: ఒక పాత కంప్యూటర్, ఒక రబ్బరు కోడి, బల్ల మీద కొట్టే గంట ఒకటి. కోడి ఎవరి దగ్గరుంటే కోడ్ కలిపే హక్కు వారిదే. ఆ పాత కంప్యూటర్ మీద టెస్టులన్నీ నెగ్గితే గంట కొట్టాలి, నెగ్గకపోతే మార్పు వెనక్కి తీసుకోవాలి. ఖర్చు రోజుకు డాలర్ అని ఆయన లెక్క. ఇప్పుడు మన దగ్గర క్లౌడ్ ఉంది, డ్యాష్‌బోర్డు ఉంది, డెవాప్స్ డైరెక్టర్ ఉన్నాడు. లేనిది వెనక్కి తీసుకోవడం ఒక్కటే.

పెట్టుకోవడం కష్టమా అంటే, కాదు. 2019 నవంబరులో ఈ పనంతా చేసిపెట్టే గిట్‌హబ్ యాక్షన్స్ అందరికీ అందుబాటులోకి వచ్చాక అది ఒక పూట పని. పదిహేను వరుసల యామిల్ ఫైలు: కోడ్ తెచ్చుకో, కావలసినవి ఇన్‌స్టాల్ చెయ్, టెస్టులు నడుపు. మహా అయితే పైథాన్ వెర్షన్ 3.10 అని కోట్స్ లేకుండా రాసి, యామిల్ దాన్ని దశాంశ సంఖ్య అనుకుని 3.1గా చదివితే, సున్నా ఎటుపోయిందా అని ఒక గంట వెతుక్కుంటారు. అది అందరికీ తగిలే దిష్టి. అసలు కథ మొదలయ్యేది ఫైలు పెట్టిన రోజున కాదు, అది మొదటిసారి ఎర్రబడిన రోజున.

ఎర్రబడగానే బుద్ధిమంతుడు కోడ్ బాగుచేస్తాడు. అనుభవజ్ఞుడు పైప్‌లైన్‌ను బాగుచేస్తాడు. ఈ రెండో విద్యలో మనవాళ్ళు సాధించిన ప్రావీణ్యం చూసి తీరాలి. కంటిన్యూ ఆన్ ఎర్రర్ అని రాసి ఎదురుగా ట్రూ పెట్టారా, ఆ మెట్టు కూలినా బండి ఆగదు. కమాండు చివర రెండు నిలువు గీతలు గీసి ట్రూ అని చేర్చారా, టెస్టులన్నీ తగలబడినా యంత్రానికి అంతా క్షేమమనే కబురే అందుతుంది. ఇంకా సౌమ్యులైతే టెస్టుకు స్కిప్ తగిలించి "తర్వాత చూద్దాం" అని కామెంటు రాస్తారు. రాసినవాడు కంపెనీ మారి, వాడి తర్వాతివాడూ మారినా ఆ "తర్వాత" రాదు. టెస్టుల కవరేజీ ఎనభై శాతం కావాలని పైనుంచి హుకుం వచ్చిందనుకోండి, ఫంక్షన్లన్నిటినీ ఒకసారి పిలిచి, అవి ఏం బదులిచ్చాయో అడగకుండా వదిలేసే టెస్టులు రాత్రికి రాత్రి మొలుస్తాయి.

ఇక రీ-రన్ బటన్. గూగుల్‌లో టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతో కొంత నిలకడలేనితనం (ఫ్లేకీనెస్) ఉందని 2016లో ఆ సంస్థ ఇంజనీరే రాశాడు. వాళ్ళు ఆ జబ్బు కొలిచి మందు వెతికారు. మనం ఆ జబ్బు పేరు మాత్రం అరువు తెచ్చుకున్నాం. ఏ టెస్టు ఫెయిలైనా "అది ఫ్లేకీ అండీ" అని మళ్ళీ నొక్కడం, మూడోసారికి పచ్చబడితే "చెప్పానా!" అనడం.

అన్నిటికన్నా నాకు నచ్చింది గిట్‌హబ్ వారే తమ డాక్యుమెంటేషన్‌లో బాహాటంగా రాసిన సంగతి: షరతు కుదరక ఏదైనా జాబ్ స్కిప్ అయితే, దాని ఫలితం సక్సెస్ కింద జమ. అంటే పరీక్ష రాయనివాడు పాసు. ఈ మాట మన ఇంటర్మీడియట్ విద్యార్థుల చెవిన పడకుండా చూడండి.

ఇంత కష్టపడి సాధించిన పచ్చ బ్యాడ్జిని రీడ్‌మీ నెత్తిన అతికిస్తారు. పైన పటారం, లోన లొటారం.

ఏ వ్రతానికైనా ఫలశ్రుతి ఉండాలి గనుక వినండి. 2012 జూలై చివర్లో జెర్సీ సిటీలోని నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్లకు చేత్తో పంపింది. ఏడింటికి చేరింది, ఎనిమిదోది మరిచిపోయారు. సరిచూసే రెండో మనిషి లేడు. ఆగస్టు 1న ఆ ఎనిమిదో సర్వర్లో 2003 నుంచీ ఎవరూ వాడని పాత కోడ్ లేచి కూర్చుని, 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చింది. మార్కెట్ తెరవకముందే ఆ సిస్టమ్ నుంచి ఉద్యోగులకు 97 ఈమెయిళ్ళు వెళ్ళాయి, తప్పు పేరుతో సహా. ఎవరూ పట్టించుకోలేదు. మెయిల్‌బాక్సులో పైప్‌లైన్ హెచ్చరికలకు వేరే ఫోల్డర్ కట్టి, ఆ ఫోల్డర్ తెరవని మహానుభావులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి.

"అది పాతకాలం, మాకు ఆటోమేషన్ ఉంది" అంటారా? టెక్సస్‌లోని ఆస్టిన్ కేంద్రంగా ఉన్న సైబర్ భద్రత సంస్థ క్రౌడ్‌స్ట్రైక్‌కూ ఉంది. కొత్త కాన్ఫిగరేషన్ ఫైళ్ళను సరిచూడడానికి వాళ్ళకు ఒక వ్యాలిడేటర్ ఉంది. ఫైలు 21 విలువలు అడుగుతుంది, చదివే కోడ్ 20 మాత్రమే ఇస్తుంది. ముందు చేసిన పరీక్షల్లో ఆ 21వ గడిలో ఏదైనా సరే అని పెట్టడంతో తేడా బయటపడలేదు. వ్యాలిడేటర్ పాస్ అంది. 2024 జూలై 19న 85 లక్షల విండోస్ యంత్రాలు కుప్పకూలాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. లోకం మొత్తం నీలం తెరలు చూసిన ఆ ఉదయం, అక్కడి వ్యాలిడేటర్ లెక్కలో మాత్రం అంతా పచ్చగానే ఉంది.

కొందరి ఇంట్లో కంచే చేను మేసింది. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ వారి చేంజ్డ్-ఫైల్స్ అనే ఉచిత రెడీమేడ్ యాక్షన్‌లోకి దొంగలు జొరబడి, పాత వెర్షన్ల ట్యాగులన్నిటినీ తమ కోడ్ వైపు తిప్పారు. దాన్ని 23 వేలకు పైగా రిపోలు వాడుతున్నాయి. బిల్డ్ నడిచినప్పుడల్లా రహస్య తాళాలు లాగ్‌లోకి దిగే ఏర్పాటు అది. ట్యాగుకు బదులు కమిట్ హ్యాష్ రాసుకున్నవాళ్ళలో చాలామంది తప్పించుకున్నారు. ట్యాగు రాసుకున్నవాళ్ళు ఆ వరుసను ఎక్కడినుంచో కాపీ కొట్టినవాళ్ళు.

ఇంత ఎకసెక్కెం చేశాక ఒక మాట ఒప్పుకోవాలి: టెస్టు నోరు నొక్కే కుర్రవాడు అసలు దోషి కాడు. ఇక్కడ అమెరికాలో హెచ్‌-1బీ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు. ఎర్ర ఇంటూ పక్కన వాడి పేరు, ఫోటో కనిపిస్తాయి. పొద్దున స్టాండప్‌లో మేనేజరు అడిగే మొదటి ప్రశ్న "ఏం పగిలింది" కాదు, "ఎవరు పగలగొట్టారు". అలాంటి గదిలో ఏ తెలివైనవాడైనా ముందు ఎరుపును మాయం చేస్తాడు. ఆ మేనేజరు నెలాఖరున వైస్ ప్రెసిడెంటుకు పచ్చటి చార్టు చూపిస్తాడు, ఆయన పైవారికి చూపిస్తాడు. ఎర్రబడడమే ఈ యంత్రం చేసే మేలు అని ఆ వరుసలో ఎవరికీ తోచదు. తప్పు కస్టమర్‌కు చేరకముందే దొరికినందుకు ఆ కుర్రవాడికి థాంక్స్ చెప్పిన మేనేజరు ఉంటే, వాడి టీమ్‌లో ఈ గారడీలు అవసరమే పడవు.

అయ్యా, అమ్మా, సోమవారం ఆఫీసుకు వెళ్ళాక మీ మేనేజరుకు ముందే చెప్పి ఒక పని చేయండి. ఒక బ్రాంచ్ తెరిచి, ఒక టెస్టులో రెండూ రెండూ ఐదు అని రాసి, పుల్ రిక్వెస్ట్ పెట్టండి. ఎర్రబడి, మెర్జ్ బటన్ ఆగిపోతే మీకు పైప్‌లైన్ ఉన్నట్టే. ఆ బ్రాంచ్ చెరిపేసి పని చూసుకోండి. పచ్చగానే వెలిగితే, బాగుచేసే ఓపిక లేకపోతే, ఆ యామిల్ ఫైలునైనా తీసేయండి. కాపలా లేదని తెలిసిన టీమ్ డిప్లాయ్ చేసేముందు కనీసం ఒకసారి చేత్తో సరిచూసుకుంటుంది.