బొట్టుంది, నీళ్లే లేవు

సోలార్ ప్యానెల్ పగలు పట్టిన కరెంటును రాత్రికి దాచిపెట్టే లెడ్-యాసిడ్ బ్యాటరీకి ఎల్లారెడ్డి ప్రాంతంలో మర్యాదకు లోటు లేదు. దసరా నాడు ట్రాక్టరుతో పాటు దానికీ పసుపు, కుంకుమ, బంతిపూల దండ. దొరకనిది నీళ్లే. "పెట్టి మరిచిపోవచ్చు" అని అమ్మినవాడు చెప్పిన మాటలో పెట్టడం ఒక్క పూటలో అయిపోతుంది, మరిచిపోవడం మాత్రం ఏళ్ల తరబడి నిష్ఠగా సాగుతుంది.

1859లో గాస్టన్ ప్లాంటె కనిపెట్టిన నాటి నుంచీ ఈ బ్యాటరీ స్వభావం ఒకటే. ఛార్జి దిగేకొద్దీ సీసపు పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది, నిండుగా ఛార్జి ఎక్కితే పోతుంది. సగం ఛార్జితో వారాలు వదిలేస్తే గట్టిపడి, మరి ఊడిరాదు. నిండుగా ఛార్జి కావాలన్న ఇంత చిన్న కోరికను తీర్చకుండా ఉండటానికి కొంత నైపుణ్యం కావాలి. 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ బ్యాటరీకి 15 ఆంపియర్ల దాకా ఛార్జింగ్ అవసరమైతే, దానికి 100 వాట్ల ప్యానెల్ తగిలిస్తారు. మిట్టమధ్యాహ్నం అది ఇచ్చేది ఐదారు ఆంపియర్లు. రాత్రి 75 ఏహెచ్ వాడుకుంటే పగలు తిరిగి చేరేది పాతిక, ముప్పై. బ్యాకప్ తగ్గిందని తెలియగానే విరుగుడు సిద్ధం: పక్కన ఇంకో బ్యాటరీ. ప్యానెల్ మారదు.

ఛార్జింగ్‌లో నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి తగ్గుతుంది. యాసిడ్ ఎక్కడికీ పోదు. కనుక పోయాల్సింది డిస్టిల్డ్ వాటరే. కానీ నీళ్లు పోస్తే బ్యాటరీ బలహీనపడుతుందని నమ్మకం, అందుకే యాసిడ్ పోస్తారు. హైడ్రోమీటర్‌లో యాసిడ్ గ్రావిటీ ఉండాల్సిన 1.240 దాటి పోతుంది, యజమాని మురిసిపోతాడు, లోపల పలకలు తరుగుతుంటాయి. పొదుపరులు బోరు నీళ్లతో సరిపెడతారు. వాటిలోని ఇనుము, క్లోరైడ్లు మనిషి కంటే ముందు బ్యాటరీకే తెలుస్తాయి. ఫిల్టర్ నీళ్ల క్యాను కొంత నయమే, అయినా డిస్టిల్డ్ కాదు.

ఇక నివాసం రేకుల షెడ్డు. ఎండాకాలం అక్కడ 43 డిగ్రీలు మామూలే. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. 25 డిగ్రీల దగ్గర 14.4 వోల్టులు సరిపోయే ఛార్జింగ్, ఆ వేడిలో 14 దగ్గరికి దిగాలి. దానికోసం కొన్ని ఛార్జ్ కంట్రోలర్లతో వచ్చే ఉష్ణోగ్రత సెన్సర్ తీగ డబ్బాలోనే భద్రంగా ఉంటుంది. కిటికీలు మూసిన గదిలో గాలిలో నాలుగు శాతం హైడ్రోజన్ చేరినా అంటుకోగలదు. పండుగనాడు అగరుబత్తి వెలిగించేది సరిగ్గా బ్యాటరీ పక్కనే.

మక్క చేనుకు సోలార్ కంచె వేసినవాళ్ల దగ్గర ఈ భక్తికి ఫలితం తొందరగా కనిపిస్తుంది. వానాకాలపు ముసురులో బ్యాటరీ నీరసించి, తీగలో షాక్ తగ్గుతుంది. సంగతి హైడ్రోమీటర్ కంటే ముందు అడవి పంది కనిపెడుతుంది. పొద్దున చేను చూశాక తిట్లన్నీ కంపెనీకి. సీసానికి కిలో లెక్కన ధర పలుకుతుంది కాబట్టి పాత బ్యాటరీ ఎక్స్ఛేంజికి పోతుంది. కొత్తది ఈసారి ఇంకో కంపెనీది, 200 ఏహెచ్. ప్యానెల్ అదే 100 వాట్లు.