హ్యాంగ్ అయితేనే హుషారు

కంప్యూటర్ హ్యాంగ్ అయితే మామూలు మనిషి విసుక్కుంటాడు. ప్యాచ్‌రాయుడు కుర్చీ ముందుకు లాక్కుంటాడు.

ఇలాంటివాడు ప్రతి ఆఫీసులోనూ ఒకడుంటాడు. లాప్‌టాప్‌లో లినక్స్ శుభ్రంగా నడుస్తుంటుంది, ఆఖరికి ప్రింటర్ కూడా మాట వింటుంది. అదే అతనికి గిట్టదు. లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నెల్‌లో ఇంకా చేర్చని, రాసినవాడే జాగ్రత్త అని హెచ్చరించిన షెడ్యూలర్ ప్యాచ్ ఒకటి తెచ్చి అతికిస్తాడు. ఏ పనికి ప్రాసెసర్‌ను ఎంతసేపు ఇవ్వాలో తేల్చేది షెడ్యూలర్. అందులో వేలు పెట్టడమంటే కొరివితో తల గోక్కోవడమే.

“బాగానే ఉంది కదండీ, ఎందుకు మార్చడం?” అంటుంది భార్య.

“మౌస్ ఇంకాస్త చురుగ్గా కదులుతుంది.”

మర్నాటికి మౌస్ అసలు కదలదు.

ఈ పిచ్చికి పెద్ద వంశమే ఉంది. కాన్ కొలివాస్ ఆస్ట్రేలియాలో మత్తుమందు డాక్టరు. ఆస్పత్రిలో మనుషుల్ని నిద్రపుచ్చి, తీరిక వేళల్లో లినక్స్‌కు చురుకు పుట్టించే ప్యాచ్‌లు రాసేవాడు. ఇంట్లో కంప్యూటర్ మీద పాట మధ్యలో తెగిపోకూడదన్నది ఆయన పట్టు. 2007లో ఆయన షెడ్యూలర్‌ను కాదని, ఇంగో మోల్నార్ రాసిన సీఎఫ్‌ఎస్ అనే షెడ్యూలర్‌ను 2.6.23 కెర్నెల్‌లో చేర్చుకున్నారు. అందరికీ న్యాయమైన వాటా అన్న ఆలోచనకు దారి చూపింది కొలివాసేనని మోల్నారే ఒప్పుకున్నాడు. అలిగి వెళ్లిన డాక్టరు 2009లో బీఎఫ్‌ఎస్ అనే ఇంకో షెడ్యూలర్‌తో తిరిగొచ్చాడు. ప్రధాన కెర్నెల్ గడప అదీ తొక్కలేదు. గడప బయట ఉన్నదంటేనే కదా ప్యాచ్‌రాయుళ్లకు మోజు!

ఇక హ్యాంగ్ ముహూర్తం. తెర బిగుసుకుపోయింది, స్పీకర్లో పాట ఒకే ముక్క దగ్గర గుర్రుమంటోంది. అతను ముందు క్యాప్స్ లాక్ నొక్కుతాడు. దీపం వెలిగి ఆరితే కెర్నెల్‌లో ఇంకా ప్రాణం ఉన్నట్టే. ఎవరూ నొక్కకుండా దీపం దానంతటదే మిణుకుమిణుకుమంటే, అది ప్యానిక్, కెర్నెల్ చేతులెత్తేసినట్టే. ప్రాణం ఉందని తేలాక ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ మీటలు పట్టుకుని ఆర్, ఈ, ఐ, ఎస్, యూ, బీ అని అక్షరానికీ అక్షరానికీ మధ్య ఆగుతూ, సంధ్యావందనం చేసేవాడి నిష్ఠతో నొక్కుతాడు. ఎస్‌తో మిగిలిన డేటా డిస్కుకు చేరుతుంది, యూతో డిస్కు చదవడానికి మాత్రమే పనికొస్తుంది, బీతో మెషీన్ రీబూట్ అవుతుంది.

మెషీన్ లేచాక లాగ్ తెరిస్తే అందులో ఏమీ ఉండదు. బిగుసుకున్న కెర్నెల్ ఆఖరి మాటలు చాలాసార్లు డిస్కు దాకా రావు. వాటిని నెట్‌వర్క్ మీద పక్క మెషీన్‌కు పంపడానికి నెట్‌కన్సోల్ ఉంది. పక్క మెషీన్ అంటే భార్య లాప్‌టాప్.

అసలు పండగ, ఏ మార్పుతో చెడిందో వెతికే గిట్ బైసెక్ట్‌తో మొదలవుతుంది. బాగున్న వెర్షన్‌కూ చెడ్డదానికీ మధ్య వెయ్యి మార్పులుంటే, సగానికి సగం కోసుకుంటూ పోతే పది పరీక్షల్లో దొంగ దొరకాలి. కాగితం మీద! ప్రతి పరీక్షకూ కెర్నెల్ మళ్లీ కంపైల్ చేయాలి. హ్యాంగ్ అయితే ‘బ్యాడ్’ అనేయొచ్చు, కానీ ‘గుడ్’ అని ఎప్పుడనాలి? గంట చూశాకా, రాత్రంతా చూశాకా? తొందరపడి గుడ్ అన్నాడో, మిగతా వెతుకులాటంతా వేరే వీధిలో. అందుకని నాలుగు వీడియోలు ఒకేసారి పెట్టి, పక్కన ఇంకో కంపైల్ నడిపి, తెర వంక ఆశగా చూస్తుంటాడు. అన్నీ సాఫీగా సాగుతుంటే అతని మొహం వాడిపోతుంది.

“ఇంకా హ్యాంగ్ అవలేదా, పాపం” అంటూ కాఫీ పెట్టి వెళ్తుంది ఆవిడ.

ప్యాచ్ రాసినవాళ్లకు కబురు పంపితే ఎదురు ప్రశ్నలొస్తాయి. ప్యాచ్ తీసేసినా హ్యాంగ్ అవుతోందా? మూలకోడ్ బయటపెట్టని గ్రాఫిక్స్ డ్రైవర్ ఏదైనా వేశారా? వేస్తే కెర్నెల్ మైలపడ్డట్టే, ముందు అది తీసి రమ్మంటారు. అతను కిమ్మనకుండా తీసేసి, మళ్లీ మొదలుపెడతాడు.

చివరికి తప్పున్న వరస దొరుకుతుంది. సవరణ కింద ‘టెస్టెడ్-బై’ అని అతని పేరు పడుతుంది. పండక్కి వచ్చిన మామగారికి తన పేరున్న వరస చూపిస్తాడు. ఆయన కళ్లజోడు సర్దుకుని శ్రద్ధగా చదివి, “మంచిది బాబూ, దీనికి ఏమిస్తారు?” అంటారు.

“ఇచ్చారు మామయ్యా. ఇంకో ప్యాచ్ పంపించారు, పరీక్షించమని.”