ఓ కాఫీ, రెండు టిష్యూ ప్యాకెట్లు

సింగపూర్ బయల్దేరిన మనిషికి సలహా చెప్పాలంటే సింగపూర్ చూసి ఉండక్కర్లేదు. నెల్లూరులో రిటైరైన ఒక లెక్కల మాస్టారు కూతురింటికి ప్రయాణమయ్యారని తెలియగానే వీధి వీధంతా వచ్చి భయపెట్టి పోయింది. ఉమ్మితే జరిమానా, కాగితం పడేస్తే జరిమానా, చూయింగ్ గమ్ నమిలితే జైలు. మాస్టారు పుట్టి బుద్ధెరిగి చూయింగ్ గమ్ నమిలింది లేదు. కట్టుడు పళ్ళు వచ్చాక ఆ ముచ్చట తీరే దారీ లేదు. అయినా విమానం ఎక్కేముందు జేబులు రెండుసార్లు తడుముకున్నారు.

అక్కడ 1992 నుంచి ఉన్న నిషేధం గమ్ దిగుమతి మీద, అమ్మకం మీద. తెలుగువాళ్ళు అసలు భయపడాల్సింది గసగసాలకి. అల్లుడికి కోడికూర ఇష్టమని మాస్టారి భార్య పావుకిలో గసాలు పొట్లం కట్టి, చీరల మధ్య భద్రంగా పెట్టారు. సంగతి ఫోన్లో విని కూతురు కెవ్వుమంది. గసగసాలు కాసేది నల్లమందు మొక్కకే కాబట్టి సింగపూర్ వాటిని నిషిద్ధ సరుకుల్లో చేర్చింది. మన మసాలా అక్కడ మాదకద్రవ్యాల శాఖ వ్యవహారం. ఖైనీ, గుట్కా, ఈ-సిగరెట్లూ నిషిద్ధమే. మామూలు సిగరెట్టయితే ఒక్కటి పట్టుకెళ్ళినా సుంకం కట్టాల్సిందే. అనుమతించిన దేశాల నుంచి తప్ప మాంసం రానివ్వరు కనుక చికెన్ పచ్చడి కూడా ఇంట్లోనే ఉండిపోయింది. ఆవకాయ ఒక్కటే నిర్భయంగా విమానమెక్కింది.

ఇంకొకటి. దిగడానికి ముందు మూడు రోజుల్లోపల ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. అది ఉచితం. డబ్బులడిగే సైటు కనపడితే అది సర్కారుది కాదని అర్థం. మనవాళ్ళకి వీసా విడిగా ఉండాలి. ఈ కార్డు వీసా కాదు.

మాస్టారిది నలభై ఏళ్ళుగా తెల్లవారుజామున నాలుగున్నరకి లేచే అలవాటు. మొదటి రోజూ అలాగే లేచారు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు కాబట్టి ఏడైంది. భూమధ్యరేఖకి ఒక్క డిగ్రీ దూరంలో ఉన్న ఊరు. ఏడాది పొడుగునా పొద్దుపొడిచేది ఇంచుమించు ఏడింటికే. సూర్యుడితో సమానంగా లేచినందుకు ఆయన రోజంతా సిగ్గుపడ్డారు. కొళాయి నీళ్ళు నేరుగా తాగచ్చని కూతురు చెప్పినా నమ్మక, చాటుగా కాచుకుని తాగారు.

మెట్రోకి టికెట్ అక్కర్లేదు, బ్యాంకు కార్డే గేటుకి తాకించి వెళ్ళచ్చు, దిగేటప్పుడు మళ్ళీ తాకించాలి. లోపల బోర్డు ఉంది. తింటే, తాగితే 500 డాలర్లు. పొగతాగితే 1000. మండే పదార్థాలు తెస్తే 5000. నాలుగో బొమ్మ డ్యూరియన్ పండు, దాని పక్కన అంకె లేదు. లెక్కల మాస్టారికి ఆ ఖాళీ గడి చూసి ప్రాణం కొట్టుకుంది. డ్యూరియన్ చూడ్డానికి పనసకి చుట్టంలా ఉంటుంది, వాసనలో పనస దాని కాలిగోటికి చాలదు. రైలు పెట్టెలో డ్యూరియన్‌తో పాటు ప్రయాణం చేయడమే శిక్ష, మళ్ళీ డాలర్లెందుకు అనుకుని ఉంటారని ఆయన తీర్మానించారు. ‘తాగితే’ అన్నదాంట్లో మంచినీళ్ళూ ఉన్నాయి. బీపీ మాత్ర స్టేషన్లోకి వెళ్ళకముందే వేసుకోవాలి.

జరిమానాలన్నీ తప్పించుకున్న మనిషి కాఫీ దగ్గర దొరికిపోయారు. తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లో, కౌంటర్ దగ్గర అలవాటు కొద్దీ “ఓ కాఫీ” అన్నారు. నల్లటి కషాయం వచ్చింది. అక్కడ ‘కొపి ఓ’ అంటే పాలు లేని కాఫీ. “ఓ” అంటే “ఒకటి” అని ఆ చైనా ముసలమ్మకి ఎవరు చెప్పాలి? మర్నాడు వట్టి ‘కొపి’ అన్నారు. డబ్బాలోంచి చిక్కటి తీపిపాలు పోసి ఇచ్చింది. మాస్టారికి షుగరు. మూడోరోజుకి అల్లుడు మంత్రం బట్టీ పట్టించాడు: ‘కొపి సి కొసొంగ్’. తీపి లేని డబ్బాపాల కాఫీ. కొసొంగ్ అంటే మలయ్ భాషలో ఖాళీ, సున్నా. సున్నా అన్నమాట తెలిశాక లెక్కల మాస్టారికి ఆ ఊరు కాస్త దగ్గరైంది. కాఫీ ఇచ్చినావిడని ‘ఆంటీ’ అనచ్చు, టాక్సీ డ్రైవర్ని ‘అంకుల్’ అనచ్చు. వరస కలపడంలో వాళ్ళు మనకేం తీసిపోరు.

ఆ హాకర్ సెంటర్లోనే అసలు ఘట్టం. మధ్యాహ్నం పన్నెండున్నర, ఇసకేస్తే రాలని జనం. ఒకే ఒక్క బల్ల ఖాళీ. దాని మీద టిష్యూ పేపర్ల ప్యాకెట్ ఒకటి పడి ఉంది. ఎవరో పాపం మర్చిపోయారని మాస్టారు దాన్ని తీసుకెళ్ళి, బల్లలు తుడిచే పెద్దాయనకి నిజాయితీగా అప్పజెప్పి వచ్చి కూర్చున్నారు. రెండు నిమిషాల్లో నూడుల్స్ గిన్నెతో ఒక యువతి వచ్చి, బల్లవైపూ మాస్టారివైపూ మార్చి మార్చి చూసింది.

అల్లుడు పరుగున వచ్చి చెవిలో అన్నాడు: “మర్చిపోయింది కాదు మావయ్యా, కర్చీఫ్ వేశారు.”

మాస్టారు చటుక్కున లేచి నిలబడ్డారు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టిన చెయ్యి అది. ఇంకొకరి కర్చీఫ్ తీసేయడమంటే ఎంత నేరమో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. దీన్ని అక్కడ ‘చోప్’ చేయడం అంటారు. చట్టంలో ఎక్కడా లేదు, ఊరంతా పాటిస్తుంది. తిన్న ట్రే తీసుకెళ్ళి పెట్టకపోతే మాత్రం చట్టం ఒప్పుకోదు. 2021 నుంచి మొదటిసారికి రాతపూర్వక హెచ్చరిక, రెండోసారికి 300 డాలర్లు.

తిరుగు ప్రయాణానికి ముందు ముస్తఫా సెంటర్ అనే పెద్ద దుకాణానికి వెళ్ళారు. అందరూ చాక్లెట్లు, సెంటు సీసాలు కొంటుంటే మాస్టారు టిష్యూ ప్యాకెట్ల కట్ట ఒకటి కొన్నారు.

పోయిన నెల నెల్లూరు బస్టాండులో కావలి బస్సు సీటు మీద వాటిలో ఒకటి పెట్టి, మంచినీళ్ళ సీసాకి దిగారు. తిరిగొచ్చేసరికి సీట్లో ఒకాయన కూర్చుని, ప్యాకెట్ చించి, తీరిగ్గా మొహం తుడుచుకుంటున్నాడు. సింగపూర్ వెళ్ళేవాళ్ళు జేబులో రెండు ప్యాకెట్లు తప్పక ఉంచుకోండి. కావలి బస్సుకి మాత్రం తువ్వాలే.