ఎండకాలంలో తేనెపెట్టె: కొత్త పెంపకందారుకు జాగా లెక్కలు

తేనెపెట్టెలో జాగా ఈగల సంఖ్యను బట్టి ఉండాలి, యజమాని ఆశను బట్టి కాదు. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో మొదటి ఏడాది పెంపకందారు ఈ సూత్రాన్ని మాఘంలో చదివి, వైశాఖంలో నమ్ముతాడు.

పెట్టె కింది గదిలో రాణి గుడ్లు పెడుతుంది. పై అరలో తేనె చేరుతుంది. ఐరోపా ఈగలకు మామూలుగా పది చట్రాల పెట్టె, దేశీ ఈగలకు ఎనిమిదింటిది వాడతారు. 1851లో అమెరికా పాదిరి లాంగ్‌స్ట్రాత్ అసలు కిటుకు పట్టుకున్నాడు. చట్రాల చుట్టూ సుమారు 9 మిల్లీమీటర్ల సందు వదిలితే ఈగలు దాన్ని దారిగా వాడుకుంటాయి. తగ్గితే జిగురు పూసి మూసేస్తాయి, పెరిగితే అక్కడా పెర కడతాయి. అక్రమ కట్టడాలను ఇంత చవకగా ఆపిన నిబంధన ఏ మున్సిపాలిటీలోనూ లేదు.

చల్లని దేశాల పుస్తకాలు ఎండకాలం రాగానే పై అరలు పెంచమంటాయి. అక్కడ పూలు విరగబూసేది అప్పుడే. ఇక్కడ మామిడి పూత మాఘంతో దాదాపు సరి. ఆ తర్వాత నువ్వుచేలు, వేప, కానుగ కొంత ఆదుకుంటాయి. కాబట్టి అర పెంచాల్సింది పూత జోరుగా ఉన్నప్పుడే, అదీ పదిలో ఏడెనిమిది చట్రాలు ఈగలతో నిండాకే. ఆలస్యమైతే పెరల అంచున రాణిగదులు వేలాడతాయి. పాత రాణి సగం పరివారాన్ని వెంటబెట్టుకుని వేరుకాపురానికి వెళ్లిపోతుంది.

పూత తగ్గాక లెక్క తిరగబడుతుంది. మైనం మూత పడిన తేనెను కొంత తీసి, కొంత ఈగలకు వదలాలి. సీసాలతో వచ్చి "ఇంకా తియ్యలేదా?" అని అడిగే చుట్టాలు పాఠ్యపుస్తకాల్లో లేని చీడ, వారికి మందు లేదు. పై అర దించి, కింద ఖాళీ పెరలు తీసేసి, మిగిలినవాటి పక్కన అడ్డుపలక పెట్టాలి. కాపలా లేని పెరలో మైనపు పురుగు దిగుతుంది. దేశీ ఈగలైతే తిండి కరువైనా, పురుగు ఎక్కువైనా నోటీసు ఇవ్వకుండా పెట్టె ఖాళీ చేస్తాయి.

పిల్లలున్న చోట ఈగలు 34, 35 డిగ్రీల వేడిని నిలుపుతాయి. రామగుండంలో బయట 45 డిగ్రీలున్నా వాటి లెక్క మారదు. నీళ్లు మోసుకొచ్చి, చల్లి, రెక్కలతో విసురుతాయి. పెంపకందారు చేయగలిగినవి నీడ, మూతపై తడి గోనెసంచి, దగ్గర్లో రాళ్లు వేసిన నీళ్ల తొట్టి. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్లను నీళ్ల గిన్నెల్లో ఉంచాలి. చక్కెర పాకం సాయంత్రం, పెట్టె లోపలే పెట్టాలి. బయట ఒలికితే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి. అందుకే వాకిలి కొంత కుదించాలి, గాలి ఆడేంత వదలాలి. రోజూ మూత ఎత్తి క్షేమం అడగకూడదు. ఎత్తినప్పుడల్లా ఈగలు పని ఆపి మర్యాద చేస్తాయి, అది చాలాసేపు మండుతుంది.

రోహిణి దాటి, మృగశిర వానలు కురిసి, కాళ్లకు పుప్పొడితో ఈగలు తిరిగొస్తుంటే ఒక్కో చట్రం వెనక్కి ఇవ్వవచ్చు. ఒకటి నిండాకే రెండోది. అంతకుముందే ఇచ్చిన జాగా మైనపు పురుగు పేరున పట్టా అవుతుంది.