చెంచా వైద్యం

ఓఆర్ఎస్ గురించి నాకు తెలిసినంత మా మేడ్చల్ కాలనీలో ఇంకెవరికీ తెలియదు. ఇది నా అభిప్రాయం; కాలనీవాళ్ల అభిప్రాయం వేరే. చాయ్ దుకాణం దగ్గర ఎవరి కడుపు ఖరాబైందని చెవిన పడ్డా చాలు, మొదలుపెట్టేస్తాను. లీటరు నీళ్లకు 20.5 గ్రాముల పొడి. అందులో ఉప్పు 2.6, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, సిట్రేటు 2.9. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి ఖాయం చేసిన లెక్క ఇది. నేను సిట్రేటు దాకా వచ్చేసరికి వినేవాడు బాత్రూముకు పరుగెత్తి ఉంటాడు.

ఇంతటి పండితుణ్ణి ఒక బిర్యానీ పార్శిల్ పడగొట్టింది. హోటలువాడి తప్పు ఇసుమంతైనా లేదు. శామీర్‌పేటలో ఫంక్షనుకు పోతూ, అక్కడి భోజనం మీద నమ్మకం లేక, రాజీవ్ రహదారి మీద ముందుజాగ్రత్తగా కట్టించుకున్నాను. తీరా చూస్తే ఫంక్షన్లో భోజనం బ్రహ్మాండం. ఆనక చెరువు కట్ట, జింకల పార్కు చూసుకుని చీకటిపడ్డాక ఇల్లు చేరాం. అప్పటిదాకా పార్శిల్ కారు డిక్కీలోనే ఉడికింది.

"తినకుండ్రి, పారేస్త," అంది మా ఇంటామె.

"పైసలు పెట్టి కొన్నది. వేడి చేస్తే క్రిములన్నీ చస్తయ్," అన్నాను.

క్రిములు చాలావరకు చస్తాయి, నిజమే. కానీ వండిన అన్నం గంటల తరబడి వెచ్చగా పడి ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా అందులో ఒక విషాన్ని వదులుతుంది. అది మళ్లీ వేడి చేసినా పోదు. ఈ సంగతి నాకు అర్ధరాత్రి, బాత్రూములో కూర్చుని ఫోన్ చూస్తుంటే తెలిసింది. శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్, పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్ మీద టీకా చేసింది, 2015లో విడుదలైంది. డిక్కీ బిర్యానీ తినే పెద్దవాళ్లకు మాత్రం ఇంకా ఎవరూ టీకా కనిపెట్టలేదు.

తెల్లారాక మావాడు నారింజ బొమ్మున్న తియ్యటి డబ్బా ఒకటి తెచ్చాడు. నేను స్ట్రా గుచ్చబోతుంటే మా ఇంటామె లాక్కుని వెనకవైపు చదివింది. "ఇది ఉత్త చక్కెర నీళ్లు." ఇలాంటి డబ్బాల మీద ఓఆర్ఎస్ అని రాసి అమ్మడాన్ని మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి ఎదిరించారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దంది. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ఇదంతా చాయ్ దుకాణంలో నేనే చెప్పాను. అయినా స్ట్రా గుచ్చబోయింది నేనే.

తర్వాత అసలు ప్యాకెట్ దొరికింది. స్ట్రాంగ్‌గా ఉంటే త్వరగా పని చేస్తుందని ప్యాకెట్టంతా ఒక్క గ్లాసులో కలిపి గటగటా తాగాను. తాగినంత వేగంగానూ బయటికి వచ్చేసింది. పేగు గోడ దాటేటప్పుడు ఉప్పూ గ్లూకోజూ పెళ్లికొడుకూ పెళ్లికూతురూ అనుకోండి, నీళ్లు వాటి వెంట నడిచే బారాత్. జోడీ సరైన పాళ్లలో ఉంటేనే ఆ ఊరేగింపు లోపలికి పోతుంది. ద్రావణం మరీ చిక్కగా ఉంటే ఒంట్లోని నీళ్లే ఎదురు పేగులోకి వస్తాయి.

"గంజిల ఉప్పేసి తాగు కొడుకా," అని అమ్మ వంటింట్లోంచి అప్పటికే ఎన్నోసార్లు కేకేసింది. ఆమెకు గ్రాముల లెక్క తెలీదు. పద్ధతి మాత్రం సరైనదే.

చివరికి పగ్గాలు మా ఇంటామె చేతికి వెళ్లాయి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లు కొలిచి పొడి కలిపింది. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగనిచ్చి, చెంచాతో పట్టడం మొదలుపెట్టింది. నలభై దాటిన మగవాణ్ణి మంచం మీద పడేసి చెంచాతో తాగిస్తుంటే పరువు నిలబడాలంటే ఏదో ఒకటి మాట్లాడాలి కదా. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం బన్‌గావ్ శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు గ్లూకోజు నీళ్లు డ్రమ్ముల్లో కలిపించి, రోగుల బంధువుల చేతే తాగించిన వైనం అందుకున్నాను. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు...

"ఆయన కథ ఆపి నోరు తెర్వుండ్రి."

తెరిచాను. ఆ రోజు సాయంత్రానికి మూత్రం రంగు తేటపడింది. ఇంత ఆనందకరమైన వార్తను ఇంటిల్లిపాదికీ ప్రకటించినందుకు అమ్మ తిట్టింది, మావాడు తలుపేసుకున్నాడు.

ప్యాకెట్లు ఆశా కార్యకర్తల దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. దొరకకపోతే లీటరు మంచినీళ్లకు అంచు మట్టానికి నింపిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. టీ చెంచా సుమా, గరిటె కాదు. కలిపింది ఒక్కరోజుకే. మూత్రం ఆగినా, విరేచనంలో రక్తం కనిపించినా, తాగింది తాగినట్టు వాంతవుతున్నా, మనిషి మగతలోకి జారుతున్నా ఇక చెంచాతో పని లేదు. వెంటనే ఆసుపత్రికి పోండి. పోయాక డాక్టరుకు మాత్రం ఓఆర్ఎస్ చరిత్ర చెప్పకండి. ఆయనకు తెలుసు.