కాకిలెక్కల ప్రయాణం

శంషాబాద్ నుంచి మధురపూడి విమానాశ్రయానికి గాల్లో సుమారు 360 కిలోమీటర్లు. విమానం గంటా, గంటంబావులో దింపేస్తుంది. ఈ లెక్క పట్టుకునే అమలాపురంలో మా పక్కింటి పిన్నిగారి కూకట్‌పల్లి అల్లుడుగారు ఏటా సంక్రాంతికి "గంటలో అక్కడుంటానత్తయ్యా" అని ఫోన్ చేస్తారు.

పిన్నిగారు కంగారు పడరు. అల్లుడు విమానం ఎక్కాడంటే కోడిని పట్టుకోమంటారు. కడియపులంకలో పూలమొక్కల కోసం కారాపారంటే మసాలా నూరతారు. జొన్నాడ వంతెన దాటి రావులపాలెంలో దిగారంటే అప్పుడు కోస్తారు. కొత్తపేట వచ్చామంటే నూనె పెడతారు. అమలాపురంలో అల్లుడు కాళ్లు కడుక్కునేసరికి కూర దింపుతారు. ఏ విమానాశ్రయంలోనూ ఇంత కచ్చితమైన టైమ్ టేబుల్ నేను చూడలేదండీ.

ఆ గంటకి ముందు కూకట్‌పల్లి నుంచి శంషాబాద్, అక్కడ చెకింగులూ పడిగాపులూ. తర్వాత మధురపూడి నుంచి ఎనభై కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు. పండగ రోజుల్లో టిక్కెట్టు ధర మాత్రం అన్నిటికన్నా ఎత్తున ఎగురుతుంది. ఇంతా చేసి, ముందురోజు రాత్రి కూకట్‌పల్లిలో బస్సెక్కి గుర్రుపెట్టిన తోడల్లుడు అప్పటికే అరుగు మీద పేపరు చదువుతుంటాడు.

పోనీ రైలు? ఉందండీ, కాగితం మీద. అమలాపురం మీదుగా పోవాల్సిన కోటిపల్లి–నరసాపురం లైను, 57 కిలోమీటర్లు, 2000-01లో మంజూరైంది. లోక్‌సభ స్పీకరైన మన బాలయోగి గారు పట్టుబట్టి తెచ్చిన లైను. ఆయన 2002లో పోయారు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ దాటాలి కాబట్టి వంతెనలకే బోలెడు ఖర్చు, ఆపైన భూసేకరణ, ఆపైన రాష్ట్రం వాటా ఎంత, కేంద్రం వాటా ఎంత అన్న పంచాయితీ. 57 కిలోమీటర్లను పాతికేళ్లకు భాగించి చూశాను: రోజుకు ఆరు మీటర్ల చిల్లర. అదీ మొత్తం పూర్తయిందనుకుంటేనే. మా కొబ్బరితోటలో నత్త ఆ దూరం ఒక్క పూటలో నడిచేసి, మధ్యలో కునుకు కూడా తీస్తుంది.

సఖినేటిపల్లి రేవులో నిలబడితే ఎదురుగా నరసాపురం, రైళ్లున్న ఊరు. పంటు తిరిగితే ఇట్టే అవతలుంటాం. గోదారికి వరదొచ్చి పంటు ఆపేశారంటే దిండి–చించినాడ వంతెన మీదుగా ఊళ్లన్నీ చుట్టుకుని రావాలి.

అందుకే రాజోలు, మలికిపురం వాళ్లు దూరాల్ని మరోలా లెక్కేస్తారు. దుబాయ్ నుంచి హైదరాబాద్ నాలుగు గంటల లోపే. హైదరాబాద్ నుంచి మలికిపురం రాత్రల్లా బస్సు. శంషాబాద్‌లో దిగిన కొడుకు "వచ్చేశానమ్మా" అని ఫోన్ చేస్తే తల్లి అంటుంది గదా: "అసలు ప్రయాణం ఇప్పుడే గదరా మొదలు, ఏదన్నా తిని బస్సెక్కు!"