నీడ లేని రోజు వేసిన లెక్క

కొండాపూర్‌లోని మా అపార్ట్‌మెంట్ మీద 40 కిలోవాట్ల సోలార్ ప్లాంటుకు ఎంతవుతుందో లెక్క వేసింది నేనే. సంఘం సమావేశంలో నిలబడి ఆ అంకె చెప్పిందీ నేనే. దాన్ని నమ్మి 60 ఇళ్లవాళ్లు డబ్బు కట్టారు. సగం పని అయ్యేసరికి అది చాలదని తేలింది, వాళ్లనే మళ్లీ అడగాల్సి వచ్చింది.

హైటెక్ సిటీలో నా ఉద్యోగమే అంచనాలు వేయడం. ఏ పనికి ఎంతమంది కావాలి, ఎన్నాళ్లు పడుతుంది అని రోజూ చెబుతుంటాను. ఆ ధీమాతోనే దీన్నీ చేతిలోకి తీసుకున్నాను. 2023లో ప్రపంచ మార్కెట్లో ప్యానెళ్ల ధర దాదాపు సగానికి పడిపోయింది. ఆ ధరే పట్టుకుని, వాట్‌కు ఇంత అని 40,000తో గుణించి, ఇన్వర్టర్, కూలి కలిపి, సబ్సిడీ తీసేశాను.

సబ్సిడీ దగ్గరే మొదటి దెబ్బ. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో సొంతింటివాళ్లకు మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000 రూపాయలు, మూడో కిలోవాట్‌కు 18,000 ఇస్తారు. ఆపైన ఎంత పెట్టుకున్నా 78,000కు మించదు. అదే అపార్ట్‌మెంట్ సంఘం లిఫ్టులకో మోటార్లకో పెట్టుకుంటే కిలోవాట్‌కు 18,000 మాత్రమే. నేను పేపర్లో చూసిన 30,000నే 40తో గుణించి 12 లక్షలొస్తాయని చెప్పాను. వచ్చేది 7,20,000. ఇంటికి 8,000 తేడా. పైగా ఆ డబ్బు ప్లాంటు నడిచి, నెట్ మీటర్ బిగించాక గానీ చేతికి రాదు. అందాకా మొత్తం మనమే పెట్టుకోవాలి. సబ్సిడీ కావాలంటే సెల్‌తో సహా ఇక్కడే తయారైన డీసీఆర్ ప్యానెళ్లు వాడాలి. వాటి ధర నేను వేసుకున్న దానికన్నా బాగా ఎక్కువ. సబ్సిడీ ఒక రకం ప్యానెల్‌ది, ధర ఇంకో రకానిది, రెండూ నాకు అనువుగా కలిపేసుకున్నాను. 2021 అక్టోబరులోనే 12 శాతమైన జీఎస్టీని పాత 5 శాతంతోనే వేశాను. (అది మళ్లీ 5కు తగ్గింది 2025 సెప్టెంబరులో.)

ఇవన్నీ చదువుకుంటే తప్పేవి. టెర్రస్ మీద చేసింది మాత్రం ఇప్పటికీ నన్ను వదలదు. కిలోవాట్‌కు నీడ పడని చోటు సుమారు 100 చదరపు అడుగులు కావాలి. నేను టేపు పట్టుకుని పైకెక్కింది మే రెండో వారంలో, మిట్టమధ్యాహ్నం. హైదరాబాద్‌లో ఏటా మే 9 ప్రాంతంలోనూ, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలోనూ సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువుగా పాతిన కర్రకు నీడే ఉండదు. లిఫ్ట్ గది గోడ మొదట్లో సన్నటి గీత కూడా కనబడలేదు. ఆ పక్క చోటంతా ఖాళీ అని రాసుకున్నాను. డిసెంబరు చివర్లో అదే వేళకు సూర్యుడు 49 డిగ్రీల ఎత్తు దాటడు. పదడుగుల లిఫ్ట్ గది ఉత్తరానికి దాదాపు తొమ్మిది అడుగుల నీడ పరుస్తుంది, పొద్దునా సాయంత్రం ఇంకా పొడుగు. నీళ్ల ట్యాంకులదీ అదే కథ. వరసగా కలిపిన ప్యానెళ్లలో ఒకదాని మీద నీడ పడినా వరస మొత్తం మీద ఉత్పత్తి తగ్గవచ్చు. సర్వేకు వచ్చిన కుర్రాడు ఫోన్‌లో సూర్యుడి దారి చూపించి, ప్యానెళ్లను ట్యాంకులకన్నా ఎత్తుకు లేపాలన్నాడు. నా లెక్కలో స్ట్రక్చర్ అని ఒక చిన్న పద్దు ఉంది. దాని బదులు గాల్వనైజ్డ్ ఇనుప స్తంభాలు, గాలివానకు కదలని పునాదులు వచ్చి చేరాయి.

తర్వాత కింది సంగతి. పది అంతస్తుల పైన పుట్టిన కరెంటు సెల్లార్‌లోని మీటర్ల గదికి దిగాలి, అంత పొడవునా లావుపాటి ఆర్మర్డ్ కేబుల్ పడాలి. ఎర్తింగ్ గుంతలు మూడు: పిడుగు కడ్డీకొకటి, డీసీకొకటి, ఏసీకొకటి. గడ్డపారతో తవ్వుతారనుకుని కూలి వేశాను. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ అంతా గ్రానైట్ నేల, మా సెల్లారే బండ పగలగొట్టి కట్టింది. డ్రిల్లింగ్ మిషన్ తెప్పించారు. బోరులో రాడ్ దించి, చుట్టూ బెంటోనైట్ పోసి, టెస్టర్ పెట్టి కుర్రాడు ఓమ్‌లు చదువుతున్నాడు. రీడింగ్ చాలినంత దిగలేదు. మిషన్ మళ్లీ స్టార్టయింది. ఆ ఖర్చు ఎవరి జేబులోంచి రావాలో అక్కడ నిలబడ్డ నాకు తెలుసు.

రెండో సమావేశంలో మూడో అంతస్తు టీచర్‌గారు లేచారు. పింఛను మీద బతికే మనిషి.

"బాబూ, నువ్వు చెప్పావని కట్టేశాం. ఇదే ఆఖరా?"

ఆవిడ అడిగింది న్యాయం. ఆఖరే అనడానికి నోరు రాలేదు. ఇంతకు తగ్గదు, ఇంతకు మించదు అని రెండు అంకెలు చెప్పాను. దక్షిణం పక్క ఖాళీ స్థలం మాటేమిటని ఇంకెవరో అడిగారు. 2006 నుంచి హైదరాబాద్‌లో స్థలాన్ని బట్టి ఇంతే కట్టాలనే ఎఫ్ఎస్ఐ పరిమితి లేదు, అక్కడ ఐదంతస్తులు లేస్తాయో నలభయ్యో ఎవరూ చెప్పలేరు. నలభై లేస్తే మాకు ఏటా ఎన్ని యూనిట్లు తగ్గుతాయో అప్పటికే లెక్క వేసి తెచ్చాను, దాన్ని అందరికీ చదివి వినిపించాను. ఆ మూడు అంకెలూ, వాటి కింద నా పేరూ మినిట్స్ పుస్తకంలో రాయించాను.